పాతికేళ్ల ప్యాకెట్టు, మూడు రోజుల వరద

అమెరికాలో కాస్ట్‌కో లాంటి దుకాణాల్లో ఎమర్జెన్సీ ఫుడ్ బకెట్లు అమ్ముతారు. మూత తీస్తే నీరంతా లాగేసిన అన్నం, కూర, సూపు పొట్లాలు వరసగా ఉంటాయి. కొన్నింటి మీద 25 ఏళ్లు, కొన్నింటి మీద 30 ఏళ్లు నిలవుంటాయని రాసి ఉంటుంది. యుద్ధమో ప్రళయమో వచ్చి లోకం ఆగిపోయినా తమ ఇల్లు మాత్రం గడవాలని సరంజామా కూడబెట్టుకునే వాళ్లను అక్కడ ప్రెపర్స్ అంటారు. అణుయుద్ధ భయం రోజుల్లో ఇళ్ల కింద తవ్వుకున్న నేలమాళిగలు, ఏడాదికి సరిపడా తిండి ఇంట్లో ఉంచుకోమని సభ్యులకు చెబుతూ వచ్చిన యూటా మోర్మన్ చర్చి సంప్రదాయం, ఈ రెండూ ఆ వ్యాపారానికి పునాది. ఇప్పుడా సరుకు, దాంతోపాటు నీళ్లు వడగట్టే గొట్టాలు, నిప్పు రాజేసే కడ్డీలు, పది పనులు చేసే కత్తులు మన ఫోన్లలోకీ వచ్చాయి. 2022 జులైలో గోదావరి వరదను, 2024 సెప్టెంబరులో మున్నేరు వరదను చూసిన భద్రాచలం, ఖమ్మం వాళ్లకు ఇంట్లో ఏదో ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలనిపించడం సహజం. అనిపించకపోతేనే ఆశ్చర్యపోవాలి. అయితే ఏది ఉంచుకోవాలో డబ్బా మీద రాసిన ఏళ్లను చూసి తేల్చుకోకూడదు. మన దగ్గరికి వచ్చే ఆపద ఎన్నాళ్లుంటుంది, వచ్చినప్పుడు ఇంట్లోంచి ముందుగా ఏం పోతుంది అన్నవి చూసుకుని తేల్చుకోవాలి. అలా చూసుకుంటే ఖరీదైన పొట్లం కన్నా పచారీ కొట్టు అటుకులే నయమని, అవి కూడా ఒక్కో ఇంటి అలమరలో కన్నా ఊరి ఉమ్మడి గదిలో ఉంటేనే ఎక్కువ పనికొస్తాయని నా వాదన.

అలాగని ఆ పొట్లాలను తీసిపారేయక్కర్లేదు. ఫ్రీజ్ డ్రైయింగ్ గొప్ప విద్య. వండిన పదార్థాన్ని ముందు గడ్డ కట్టిస్తారు. తర్వాత గాలిని దాదాపు పూర్తిగా తోడేసిన గదిలో పెట్టి మెల్లగా వేడి తగిలిస్తారు. అంత తక్కువ పీడనంలో మంచు కరిగి నీళ్లవదు, నేరుగా ఆవిరైపోతుంది. అందుకే ఎండలో పెట్టిన ఒరుగుల్లా ముడుచుకుపోకుండా, ఆకారం చెడకుండా, సన్నని రంధ్రాలతో తేలికగా మిగులుతుంది. నీళ్లు పోస్తే ఆ రంధ్రాలన్నీ తాగేసి నిమిషాల్లో మళ్లీ కూరవుతుంది. తేమ నూటికి రెండు మూడు పాళ్లకు దిగిపోవడంతో బూజుకూ బ్యాక్టీరియాకూ చోటుండదు. రెండో ప్రపంచయుద్ధంలో రక్తపు ప్లాస్మాను ఈ పద్ధతిలో ఎండబెట్టే యుద్ధరంగానికి పంపారు. వియత్నాం అడవుల్లో రోజుల తరబడి గస్తీ తిరిగిన అమెరికా సైనికుల సంచుల్లో ఉన్నదీ, వ్యోమగాములు తిన్నదీ ఈ తిండే. ఎంత బరువు మోయాలన్నదే పెద్ద సమస్య అయిన చోట దీనికి సాటి లేదు. కానీ ఒక్కో విడత ఆరడానికి యంత్రం ఇరవై గంటలకు పైగా తిరగాలి. అంత కరెంటు ఖర్చూ పొట్లం ధరలో కలిసే మన చేతికొస్తుంది.

ధర దగ్గర్నుంచే చూద్దాం. ఆపదలో ఉన్న మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలైనా అందాలన్నది సహాయ సంస్థలు ప్రపంచమంతటా పాటించే స్ఫియర్ ప్రమాణం. బకెట్ల మీద మాత్రం ఎన్ని సర్వింగులు అన్న అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది, కేలరీలు వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంటాయి. ఒక సర్వింగు అంటే ఒక పూట భోజనం అనుకుని కొన్నవాళ్లు సగం కడుపుతో పడుకోవాల్సిందే. అమెరికాలో పేరున్న కంపెనీ పొట్లం ఒకటి పది డాలర్ల పైన పలుకుతుంది, అందులో ఐదారు వందల కిలోకేలరీలుంటాయి. మనిషికి రోజుకు నాలుగు పొట్లాలు. నలుగురున్న ఇంటికి మూడు రోజులంటే 48 పొట్లాలు, మన డబ్బుల్లో నలభై వేల రూపాయలకు అటూ ఇటూ. ఖమ్మంలో మున్నేరు ఒడ్డున అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలకు అది నెలల సంపాదన. డబ్బున్నవాళ్లకైనా అసలు చిక్కు ధర కాదు, వేడినీళ్లు. నలుగురి పొట్లాలకు రోజుకు దాదాపు ఐదు లీటర్ల మరిగిన నీళ్లు కావాలి. వరద ఇంట్లోకి రాగానే మొదట పోయేవి కరెంటు, పొయ్యి, బోరు మోటారు, కుళాయి. చన్నీళ్లు పోసినా నానుతుంది కదా అనవచ్చు. నానుతుంది, కాస్త ఎక్కువసేపు పడుతుంది. కానీ ఆ నీళ్లు శుభ్రమైనవని ముందే తెలిసి ఉండాలి. ఎలాగూ తాగడానికి నీళ్లు కావాలి కదా, తిండిలో కలిస్తే ఏం పోయింది అన్నదీ కొంతవరకు న్యాయమైన ప్రశ్నే. అయితే ఉన్న నాలుగు సీసాల్లో ఏది పసిబిడ్డకు, ఏది ముసలమ్మ మాత్రకు అని ఎంచుకోవాల్సిన రాత్రి, నీళ్లు పోస్తేగాని నోట పెట్టుకోలేని తిండి మీదికి మరో ఖర్చును తెచ్చిపెడుతుంది. పొడిగా నమిలి మింగగలిగిన తిండికి కనీసం ఆ బెడద లేదు.

ఇక మన వరదల తీరు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో రెండు రకాల వరదలొస్తాయి, రెండింటికీ ఒకే మూట కట్టుకోవడం కుదరదు. గోదావరి చెప్పి వస్తుంది. ఎగువన కాళేశ్వరం, పేరూరు దగ్గర నీటిమట్టం చూసి భద్రాచలానికి ఎప్పుడు ఎంత వస్తుందో కేంద్ర జలసంఘం గంటల ముందే అంచనా కడుతుంది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు భద్రాచలం, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో బడిపిల్లలకు కూడా నోటికొచ్చు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990లో 70.8, 2022 జులై 16న 71.3. ఎంత ఎత్తుకు వస్తే ఏ ఊరి దారి మునుగుతుందో స్థానికులకు తెలుసు. నీరు తీసేదాకా పట్టే రోజులే కష్టం. 2022లో భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు, సారపాక వైపు ఒక లోకం, భద్రాచలం వైపు ఒక లోకం అయిపోయాయి. గోదావరి పోటుకు శబరి నది వెనక్కి తన్ని, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వీఆర్‌పురం, చింతూరు మండలాల్లో జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద రోజుల తరబడి గడిపారు. ఇలాంటి వరదకు కావాల్సింది మోసుకెళ్లగలిగిన వారం తిండి, గుట్ట మీద తడవని నీడ.

మున్నేరు అలాంటిది కాదు. మహబూబాబాద్ వైపు కుండపోత కురిస్తే మున్నేరు, ఆకేరు నిండి తీర్థాల ఊరి దగ్గర కలిసి నేరుగా ఖమ్మం నగరం మీదికే వస్తాయి. ఇక్కడ హెచ్చరిక మట్టాలు 16, 24 అడుగులు. 2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన సెప్టెంబరు 1 పొద్దెక్కేసరికి ఆ రెండింటినీ మింగేసి 30 అడుగులు దాటించింది. బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్, ప్రకాష్‌నగర్, జలగంనగర్, కరుణగిరి ప్రాంతాల్లో జనం కట్టుబట్టలతో మేడలెక్కారు. అదే వేళ ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, రోడ్లు తెగాయి. ప్రకాష్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, వాతావరణం వల్ల హెలికాప్టర్ రాలేకపోతే, గంటల తర్వాత ఒక జేసీబీ డ్రైవర్ తెగించి వెళ్లి తీసుకొచ్చాడు. ఇలాంటి వరదలో బీరువా అడుగు అరలో ఉన్న బకెట్టు ఎన్నేళ్లు నిలవుంటుందన్నది అర్థంలేని ప్రశ్న, అది ఆ రాత్రికే మునిగిపోతుంది. ఇక్కడ కావాల్సిన మూట ఐదు కిలోలకు మించకూడదు. గుమ్మం దగ్గర, తల కన్నా ఎత్తులో ఉండాలి. మేడ మీద ఒకటి రెండు రోజులు నెట్టుకొస్తే చాలు. అదే రోజు విజయవాడ సింగ్‌నగర్‌ను బుడమేరు వాగు ముంచినప్పుడు మాత్రం ఆ రెండు రోజులు చాలలేదు. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు చాలామంది తిండి కన్నా ముందు తాగునీటికే అల్లాడారు. పడవలూ డ్రోన్లూ తెచ్చిన పొట్లాలు పెద్ద రోడ్లకు అందినంత తేలిగ్గా లోపలి సందులకు అందలేదు.

కాబట్టి మన వరదకు సరిపడే తిండికి నాలుగు గుణాలు కావాలి. పొయ్యి అక్కర్లేకుండా తినగలగాలి, పిల్లలూ ముసలివాళ్లూ అలవాటుగా తినేదై ఉండాలి, ఒక వానాకాలం పాడవకూడదు, పేదింటికి భారం కాకూడదు. మనిషికి రోజుకు 300 గ్రాముల అటుకులు, 100 గ్రాముల వేయించిన పల్లీలు, 75 గ్రాముల బెల్లం, 50 గ్రాముల పుట్నాలు అనుకుంటే మొత్తం దాదాపు 2,100 కిలోకేలరీలు వస్తాయి. సరిగ్గా స్ఫియర్ చెప్పినంత. బరువు అరకిలోకు కొంచెం ఎక్కువ, ఖర్చు యాభై రూపాయలకు అటూ ఇటూ. నలుగురికి మూడు రోజులకు ఆరున్నర కిలోల లోపు, ఆరువందల రూపాయలు. ఐదు కిలోలకు మించొద్దన్న మున్నేరు మూటకు ఇందులో రెండు రోజుల తిండి సరిపోతుంది, పైన టార్చికి, నీళ్ల సీసాకు చోటుంటుంది. గోదావరి మూటకైతే వారానికి లెక్క పెంచుకోవచ్చు, బండి మీద వేసుకుని గుట్టకు చేర్చే వ్యవధి ఉంటుంది గనక. సద్దుల బతుకమ్మకు ఇంటింటా చేసుకునే సత్తుపిండిని ముందే కొట్టి పెట్టుకుంటే ఇంకా మంచిది, పళ్లు లేనివాళ్లకూ పనికొస్తుంది. అడవి అంచు గూడేల్లో ఎండబెట్టిన ఇప్పపువ్వు ఎలాగూ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం బదులు పల్లీలూ పుట్నాలూ పెంచుకోవాలి. ఉప్పూ కారమూ లేనిదే ముద్ద దిగనివాళ్లకు, అంటే మనలో దాదాపు అందరికీ, ఒక కారప్పొడి సీసా ఎలాగూ తప్పదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. వానాకాలం గాలిలోని తేమకు అటుకులు మెత్తబడి ముక్కవాసన వేస్తాయి, పల్లీలకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఫ్రీజ్ డ్రై పొట్లానికి ఆ భయం లేదు. నిజమే. కానీ పాతికేళ్ల నిలవ ఎవరికి అవసరం? ఆపద ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని వాళ్లకు. మన గోదావరి ప్రతి జులై, ఆగస్టుల్లో పలకరిస్తూనే ఉంటుంది. మృగశిర కార్తె నాటికి బాగా వేయించిన, తేమ లేని సరుకుతో గట్టి మూత డబ్బా నింపి దసరా నాటికి తినేస్తే నాలుగు నెలలే నిలవుండాలి. బాగా వేయించి గాలి చొరని డబ్బాలో పోసిన పల్లీలకు అది కష్టం కాదు. జపాన్‌లో భూకంపాల కోసం ఇళ్లలో తిండి దాచుకోమని ప్రభుత్వం చెప్పేటప్పుడు కూడా ఇదే సలహా ఇస్తుంది. రోజూ తినే సరుకే కొంచెం ఎక్కువ కొనమంటుంది, పాతది తింటూ కొత్తది చేర్చమంటుంది. ఎప్పుడూ తెరవని డబ్బాలో మరో ప్రమాదం కూడా ఉంది. పదేళ్ల కిందట కొన్నది ఎక్కడ పెట్టామో మరిచిపోతాం, లోపల చిల్లు పడిందో లేదో తెలియదు, పిల్లలు ఆ రుచి ఎన్నడూ ఎరుగరు. ఏడాదికోసారి ఇంట్లో తినే తిండికి ఆ బాధ లేదు.

అయితే ఎమర్జెన్సీ తిండి అంటే ఇంటి అటుకులో అమెరికా బకెట్టో రెండే దారులని కాదు. మధ్యలో మనదే ఒక సాంకేతికత ఉంది. మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధనశాల సైన్యం కోసం రిటార్ట్ పొట్లాలను అభివృద్ధి చేసింది. వండిన పదార్థాన్ని పలుపొరల సంచిలో మూసి, 121 డిగ్రీల ఆవిరిలో ఉడికిస్తే ఫ్రిజ్ లేకుండా ఏడాది నిలుస్తుంది, చల్లగానే తినేయవచ్చు. ఇప్పుడు కిరాణా కొట్లలో దొరికే రెడీ టు ఈట్ పొంగలి, పప్పన్నం వెనక ఉన్నది ఆ విద్యే. నీరు లోపలే ఉంటుంది గనక బరువెక్కువ, కానీ వరదలో అదే దాని బలం. మన రాష్ట్రంలోనే తెలంగాణ ఫుడ్స్ తయారుచేసే బాలామృతం ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల చొప్పున అంగన్‌వాడీలకు అందుతోంది. భద్రాచలంలో గిరిజన మహిళలు చేసే 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కెట్ల గురించి ప్రధాని 2025లో మన్ కీ బాత్‌లో చెప్పారు. నిలవుండే, పోషకాలున్న, పొయ్యి అక్కర్లేని తిండిని చేసే చేతులు వరద వచ్చే ఊళ్లోనే ఉన్నాయన్నమాట. ఆ బిస్కెట్లు లండన్ దాకా వెళ్లడం సంతోషమే. దుమ్ముగూడెం వరద గదికి వెళ్లడానికి ఇంకా దగ్గర దారి ఉంది.

ఇక సామగ్రి విషయం. ఇక్కడ మోజు ఇంకా ఎక్కువ, పనికిరానిదీ ఎక్కువే. నీళ్లు పీల్చే వడపోత గొట్టం చాలా పేరున్న వస్తువు. అందులోని సన్నని నాళికల రంధ్రాలు 0.2 మైక్రాన్లు, బ్యాక్టీరియా దాటలేదు. వైరస్ అంతకన్నా చాలా చిన్నది, దాటేస్తుంది. మున్నేరు నీళ్లు ఖమ్మం వీధుల్లోకి వచ్చాయంటే మురుగుకాలువలూ సెప్టిక్ ట్యాంకులూ కలిసి వచ్చినట్టే, కామెర్లు తెచ్చే హెపటైటిస్ వైరస్‌లకు అదే దారి. పురుగుమందుల డబ్బాలు కొట్టుకొచ్చిన నీళ్లనైతే ఈ గొట్టం బాగుచేస్తుందని నమ్మలేం. మిగతా నీళ్లకు ఈ గొట్టం కన్నా, వాటిని పటికతోనో, అడవి ప్రాంతంలో పాతకాలం నుంచి వాడే చిల్లగింజతోనో తేర్చి, బట్టలో వడగట్టి, ఆశా కార్యకర్త ఇచ్చే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగడం చవక, వైరస్ మీదా పనిచేస్తుంది. చిల్లగింజ ఒక్కటే చాలదు, అది మట్టిని దించుతుంది గాని క్రిములను చంపదు. పాముకాటు విషం లాగే పంపులు కిట్లలో కనిపిస్తాయి. అవి విషం లాగవు. కోయడం, పీల్చడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. వరద తర్వాత గడ్డివాముల్లో, ఇంటి మూలల్లో పాములు చేరే మన ఊళ్లలో కావాల్సింది పంపు కాదు, దగ్గర్లోని పీహెచ్‌సీలో విషానికి విరుగుడు ఇంజెక్షనూ, అక్కడికి చేరే పడవా. నిప్పు రాజేసే కడ్డీ తడిసిన కట్టెను ఎలాగూ అంటించలేదు. అడవిలో పుట్టి పెరిగిన కోయలకు నిప్పు చేయడం నేర్పే కడ్డీని అమ్మజూపడం కొంచెం నవ్వు తెప్పించే సంగతి.

పనికొచ్చే వస్తువులు ఇంతకన్నా సాదాగా ఉంటాయి. మంచి టార్చి, ఛార్జి నిండిన పవర్ బ్యాంకు, ఈల, ఇరవై మీటర్ల తాడు, టార్పాలిన్, ఏజెన్సీలో ఇచ్చే మందు పూసిన దోమతెర, వారానికి సరిపడా బీపీ షుగర్ మాత్రలు, ఓఆర్‌ఎస్. వీలైతే లైఫ్ జాకెట్, లేకపోతే మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్లు. వీటన్నిటికన్నా విలువైనది నీళ్లు చొరని సంచిలో పెట్టిన కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం, పోడు పట్టా. 2022 వరద తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి పదివేల రూపాయలు ప్రకటించింది. అలాంటి సాయం ఎప్పుడు ప్రకటించినా అది అందాలంటే ముందు మనం ఎవరమో నిరూపించుకోవాలి. పోడు పట్టా తడిసి ముద్దయితే దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పట్టే కాలంలో ఇంకో వరద రావచ్చు. సర్వైవల్ కిట్ల అంగట్లో ఈ సంచికి పెద్దగా ప్రచారం లేదు, బహుశా దానిమీద లాభం తక్కువ కాబోలు.

ఇప్పటిదాకా ఇల్లు ఇల్లుగానే మాట్లాడుకున్నాం. ప్రెపర్ల ఆలోచన మొత్తం అక్కడే ఆగిపోతుంది. తన తలుపు, తన డబ్బా, తన కంచె. ఇరుగుపొరుగు అక్కడ సాయం కన్నా ముప్పుగానే కనిపిస్తారు. మన అనుభవం వేరు. ఖమ్మంలోనూ విజయవాడలోనూ మొదటి గంటల్లో జనాన్ని కాపాడింది పక్క మేడవాళ్లు, కుర్రాళ్లు, ట్రాక్టర్లు, తెప్పలు. రోజు కూలీ మీద బతికేవాడికి ఆరువందల రూపాయల సరుకును నాలుగు నెలలు ముట్టకుండా దాచు అని చెప్పడం తేలిక, దాచడం కష్టం. పిల్లవాడు ఆకలన్న రోజు ఆ డబ్బా మూత తెరుచుకుంటుంది, తెరుచుకోవాలి కూడా. 2025 జూన్‌లో కేంద్రం చెప్పిన మీదట వానాకాలం మూడు నెలల రేషన్ ఒకేసారి ఇచ్చారు. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల లెక్కన 18 కిలోల సన్నబియ్యం. దారులు తెగే గూడేలకు అది మంచి ఆలోచన. కానీ నలుగురున్న ఇంట్లో 72 కిలోల బియ్యం నేలమీద బస్తాల్లో ఉంటే, నీళ్లొచ్చిన రాత్రి మూడు నెలల తిండీ ఒక్కసారే పోతుంది. మిగిలినా, పొయ్యి లేనిదే బియ్యం అన్నం కాదు. నిల్వ ఉండటం ఒక్కటే చాలదు, ఎంత ఎత్తులో ఉంది, ఏ రూపంలో ఉంది అన్నవీ ముఖ్యమే. కాబట్టి ఊరికి ఒక ఎత్తైన గది, అందులో వంద కుటుంబాలకు మూడు రోజుల పొడి తిండి. ఖర్చు అరవై వేల రూపాయలు. దసరా నాటికి ఆ సరుకు పాడుచేయకుండా అంగన్‌వాడీ, ఆశ్రమ పాఠశాల పిల్లల అల్పాహారంలోకి మళ్లించవచ్చు. అప్పుడు అది ఖర్చు కూడా కాదు, ముందు కొన్నట్టు లెక్క.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని, జనం నెత్తిన ఎందుకు రుద్దుతారు అని అడిగేవాళ్లున్నారు. అడగాలి. కరకట్టలు, పునరావాస కాలనీలు, మున్నేరుకు రక్షణ గోడ, వీటికి బదులుగా అటుకుల మూట ఇవ్వజూపితే అది మోసమే. గోదావరి ముంపు శాశ్వతంగా తప్పించాలంటే ఎత్తులో ఇళ్లు కట్టాల్సిందే. కానీ గోడ కట్టేలోపు వచ్చే వానాకాలాల మాటేమిటి? పైగా డబ్బు లేదనడానికీ వీల్లేదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల విపత్తు నిధుల్లో పదో వంతు సన్నద్ధత, సామర్థ్యాల పెంపు కోసమే కేటాయించింది. ఊరి నిల్వ గది కూడా సన్నద్ధతే కదా. వరద వచ్చాక హెలికాప్టర్ నుంచి జారవిడిచే పులిహోర పొట్లం ఎక్కువ రోజులు నిలవదు, దాని ఖర్చులో కొంతతో వానలకు ముందే గది నింపవచ్చు.

ఇంకొందరు ఇంకా పెద్ద ఆపద గురించి అడుగుతారు. వరద మూడు రోజులు సరే, యుద్ధమో మహమ్మారో వచ్చి నెలలు మూతపడితే? 2025 మార్చిలో యూరోపియన్ యూనియన్ తన పౌరులను 72 గంటలకు సరిపడా తిండీ నీళ్లూ దగ్గరుంచుకోమన్నది. అంత ధనిక ఖండం యుద్ధం నీడలో ఉండి కూడా మూడు రోజులే చెప్పింది, పాతికేళ్లు చెప్పలేదు. నెలల తరబడి సాగిన మూత మనకూ అనుభవమే. 2020 లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప చేలకు కూలికొచ్చిన ఛత్తీస్‌గఢ్ పన్నెండేళ్ల గిరిజన బాలిక అడవి దారిన రోజుల తరబడి నడిచి, ఇల్లు చేరకముందే చనిపోయింది. ఆ రోజుల్లో దేశంలో తిండి లేక కాదు, ఎఫ్‌సీఐ గోదాములు నిండే ఉన్నాయి. ఆ గోదాముకూ ఆ పిల్లకూ మధ్య దారి లేదు. అలాంటి ఆపదకు ఇంటి బకెట్టు ఏమాత్రం జవాబు కాదు, ఆ పిల్ల ఇంట్లో లేదు గనక. డాలస్, హ్యూస్టన్‌లలోని తెలుగు కుటుంబాలకు 2021 ఫిబ్రవరి మంచు తుపాను నేర్పిన పాఠం మరో రకం. టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, పైపులు పగిలి నీళ్లు పోయాయి. కరెంటు పొయ్యిలున్న ఇళ్లలో నీళ్లు మరిగించడమే కుదరదు, ఎంత మంచి పొట్లమున్నా వేడినీళ్ల దగ్గరే ఆగిపోవాలి. చిన్న గ్యాస్ స్టవ్వు ఉన్నవాళ్లకు మాత్రం అక్కడ ఫ్రీజ్ డ్రై పొట్లం న్యాయంగానే పనికొస్తుంది, చలిదేశంలో వేడి తిండి ప్రాణాధారం.

మన దగ్గరా దానికి చోటు లేకపోలేదు. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉన్న గొత్తికోయ గూడేల్లో కొన్నింటికి ఇప్పటికీ బండి దారి లేదు. వాగులు పొంగితే రోజులకు రోజులు తెగిపోతాయి, రోగిని డోలీ కట్టి మోస్తారు. అక్కడికి కాలినడకన వెళ్లే వైద్య సిబ్బందికి, ఎన్‌డీఆర్‌ఎఫ్ దళాలకు, డ్రోన్ మోయగలిగే కొద్దిపాటి బరువుకు, తేలికైన తిండి విలువ తెలుస్తుంది. వాళ్ల దగ్గర స్టవ్వుంటుంది, నీళ్లు శుద్ధిచేసుకునే శిక్షణ ఉంటుంది. వాళ్ల కోసం కొనండి. గూడెం కోసం మాత్రం వానలకు ముందే చేర్చండి. నెలలు నిండిన గర్భిణులను వాగులు పొంగకముందే ఆస్పత్రులకు తరలించే పద్ధతి ఏజెన్సీలో ఇప్పటికే ఉంది. మనుషులను ముందుగా ఇటు తేగలిగినప్పుడు తిండిని ముందుగా అటు పంపడం అసాధ్యం కాదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలున్నాయి, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది, మహిళల గ్రామైక్య సంఘాలున్నాయి. తేల్చాల్సిన చిన్న సంగతి ఒకటే, ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది. మండల కార్యాలయంలో ఉంటే, రోడ్డు తెగిన రోజున గది నిండా తిండి ఉండి కూడా ఊరు పస్తుంటుంది. గ్రామైక్య సంఘం అధ్యక్షురాలి దగ్గర ఒకటి, అంగన్‌వాడీ టీచరు దగ్గర ఒకటి ఉండాలి. 43 అడుగుల హెచ్చరిక రాగానే, పై అధికారి ఉత్తర్వు కోసం ఆగకుండా తలుపు తీసే అధికారం వాళ్లకు ముందే రాసిచ్చి ఉండాలి.